నీరటి వాటా

యాకయ్య ఫోన్ చేసినప్పుడు నేను మహబూబాబాద్‌లో మా కాలేజీ ల్యాబులో గాజుసీసాల మీద దుమ్ము తుడుస్తున్నాను. బయట ముసురు పట్టింది. యాకయ్య డిగ్రీలో నా క్లాస్‌మేట్, ఇప్పుడు భూపాలపల్లిలో బొగ్గుబావిలో పనిచేస్తాడు. పొద్దున పూట ఎప్పుడూ ఫోన్ చేయడు. అందుకే పేరు చూడగానే చేతిలో సీసా కింద పెట్టేశాను.

"చెల్లే, సారు పోయిండు" అన్నాడు.

ఏ సారు అని నేను అడగలేదు. మా ఇద్దరి మధ్య సారంటే ఒక్కరే. జనగామలో మాకు జువాలజీ చెప్పిన సారు. ఆయన భార్య మాకందరికీ అమ్మ.

"ఎట్ల?" అన్నాను.

"వాకిట్ల కుర్చీల కూసున్నడట. అమ్మ చాయ్ తెచ్చేసరికే తల వాల్చిండట. దవాఖానకు తోలుకపోయే పని గూడ వెట్టలే."

"ఏ దిక్కు తిరిగి కూసున్నడు?"

పక్కన ఎవరైనా వింటే, మనిషి పోయాడంటే అడగాల్సిన మాటేనా ఇది అనుకునేవాళ్లు. యాకయ్యకు మాత్రం అర్థమైంది.

"వీపు గోడకే ఉందట. ముఖం గేటు దిక్కు" అన్నాడు.

మా సారు ఎక్కడ కూర్చున్నా వీపు గోడకే పెట్టి కూర్చునేవాడు. స్టాఫ్ రూములో మూల కుర్చీ ఆయనది. పెళ్లికి పోతే గోడవార బంతిలోనే కూర్చునేవాడు, ఆ బంతి లేచేదాకా ఆకలితో నిలబడైనా సరే. కొత్త పిల్లలు వెనక నవ్వుకునేవాళ్లు, సారుకు ఎవరో బాకీ ఉన్నారనీ వాళ్లు వెనక నుంచి వస్తారనీ. ఆ నవ్వు ఆయన చెవిన పడేది. "వచ్చేటోళ్లు ముంగటికెల్లి ఎందుకొస్తరు బిడ్డా" అని తనూ నవ్వేవాడు. ఆ అలవాటు ఎక్కడ నుంచి వచ్చిందో ఆ పిల్లలకు తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే ఆ రోజు నీళ్లలో పడింది నేనే.

సారు పుట్టింది జఫర్‌గఢ్ దగ్గర ఒక ఊళ్లో. వాళ్ల నాయన ఆ ఊరి నీరటి. చెరువులున్న మా ఊళ్లలో కూడా ఈ మాట ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది కాబట్టి చెబుతున్నాను. చెరువుకు కాపలాదారు నీరటి. తూము తెరిచేదీ మూసేదీ ఆయనే. వానాకాలం కట్ట మీద కూర్చుని నీళ్లను చూడటమే ఆయన పని. ఎండాకాలం చివర చెరువు అడుగంటితే ఊరంతా చేపలకు దిగుతుంది, నీరటి మాత్రం దిగడు. అందరూ బురదలో వంగి ఉన్నప్పుడు ఒక్కరైనా తలెత్తి ఉండాలని ఆ ఊళ్లో కట్టుబాటు. అందుకు బదులుగా పట్టిన చేపల్లో మొదటి వాటా కట్ట మీదికి తెచ్చి ఆయనకు ఇవ్వాలి. అది ఇచ్చాకే ఎవరి చేపలు వాళ్లు ఇంటికి తీసుకుపోవాలి.

ఆ నీరటి కొడుకు సముద్రం మీద ఎందుకు మనసు పడ్డాడో ఆయనే సరిగ్గా చెప్పలేకపోయేవాడు. ఎక్కడో చదువుకునే రోజుల్లో ఒకసారి విశాఖ తీసుకెళ్లారట, అంతే. జనగామ అంటే తాగే నీళ్లకు కూడా ఒకప్పుడు ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన ఊరు. అక్కడి డిగ్రీ పిల్లలను ప్రతి చలికాలం రైలెక్కించి విశాఖ చేపల రేవుకు తీసుకెళ్లేవాడు. ప్రిన్సిపాల్ గారు ఏటా ఒకే మాటతో ఏడిపించేవారు, "బోరు పడని ఊరోళ్లకు సముద్రం ఏంది మాస్టారూ" అని. "నీళ్లు దండిగున్నోళ్లు నీళ్లను చూడరు సార్, మేమే చూస్తం" అనేవాడు మా సారు. సంతకం ఏటా దొరికేది.

రేవులో డీజిలు వాసనా ఎండు చేపల వాసనా కలిసి గొంతులో పట్టుకుంటాయి. పడవలు దాటి పోతే సముద్రానికి అడ్డంగా పెద్ద పెద్ద బండలు పేర్చి కట్టిన గోడ ఉంటుంది. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, ఆ గోడకు కాస్త అవతల ఒక రాతి పలక బయటపడేది. గోడకూ పలకకూ మధ్య చిన్న పల్లం, అందులో చీలమండ లోతు నీళ్లు. అది దాటి పలక మీదికి పోవాలి. పలకంతా గుంటలు. ఒక్కో గుంటా ఒక్కో వాడకట్టు. ముళ్ల బంతుల్లా సీ అర్చిన్లు, రాయికి అతుక్కుని నోరు తెరిచిన పువ్వుల్లాంటి ఎనిమోన్లు, పసుపు పచ్చ స్పాంజి, మన ఎండ్రికాయకు చుట్టాలైన చిన్నచిన్న పీతలు. వీటన్నిటినీ సారు ఇష్టపడేవాడు. కానీ వెతికేది ఒక్కదాని కోసమే. చిప్ప లేని సముద్రపు నత్త. పుస్తకంలో సీ స్లగ్ అని ఉంటుంది.

దాన్ని చూడటానికి ఒక పద్ధతి ఉంది. నీళ్లలోంచి తీస్తే అది ముద్దగా కూలిపోతుంది, చీమిడిలా తప్ప ఏమీ కనబడదు. అందుకే సారు ఇంటి నుంచి తెల్లటి పింగాణీ పూత గిన్నె ఒకటి తెచ్చుకునేవాడు. దాన్ని ఆ గుంటలోనే ముంచి, ఆ నీళ్లతోనే, తడి వేళ్ల మీద నత్తను అందులోకి జార్చేవాడు. మేమంతా చుట్టూ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. కాసేపటికి ఆ ముద్ద విప్పుకునేది. నల్లటి ఒళ్లు, అంచుకు నారింజ రంగు పట్టీ, ముందు రెండు కొమ్ములు, వీపు మీద ఈకల గుత్తిలా మొప్పలు. నేను దాన్ని మొదటిసారి చూసినప్పుడు పండగ చీర కట్టుకున్న నత్త అనుకున్నాను.

"గిది నత్తనే" అనేవాడు సారు. "సంటిదిగున్నప్పుడు దీనికీ చిప్ప ఉంటది. పెద్దగైనంక ఇడిచిపెడ్తది. ఇల్లు ఇడిచిపెట్టి బతకాల్నంటే ధైర్యమన్న ఉండాలె, విషమన్న ఉండాలె. దీనికి రెండోది ఉంది."

స్పాంజిలో విషం ఉంటుంది. ఎవరూ ముట్టని ఆ స్పాంజిని ఇది తింటుంది, ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. స్పాంజి లేకపోతే తిండీ లేదు, కాపలా కూడా లేదు. చూడటం అయ్యాక దాన్ని ఏ రాయి కింద నుంచి తీశాడో ఆ రాయి కిందే వదిలి, రాయిని ఎట్లా ఉన్నదట్లా బోర్లించేవాడు. ఎవరైనా మరిచిపోతే వెనక్కి పిలిచేవాడు. "ఒకరి ఇల్లు తెరిచి చూసినం, దర్వాజ వెట్టి పోవాలె గద" అనేవాడు. ఇప్పటికీ నేను ల్యాబులో ఏ పెట్టె మూత తీసినా ఆ మాట వినబడుతుంది.

ఊరి కట్టుబాటును ఆయన రేవుకు కూడా తెచ్చాడు. ప్రతి ఏడూ మాలో ఒకరిని నీరటిగా నిలబెట్టేవాడు. ఆ మనిషి గిన్నె దగ్గరికి రాకూడదు, నత్తను చూడకూడదు. పలక అంచున నిలబడి సముద్రాన్నే చూస్తూ, అల పెరిగితే కేక వేయాలి. బదులుగా పలక దిగిపోయే ముందు ప్రతి ఒక్కరూ నీరటి దగ్గరికి పోయి తాము ఏం చూశారో చెప్పాలి. అదే నీరటి వాటా. రంగు చెప్పాలి, నడక చెప్పాలి, లేనిది చెప్పకూడదు. "నీరటికి దొంగ వాటా పెట్టినోని చెరువు తెగుతది అంటుండె మా నాయిన" అని ముందే హెచ్చరించేవాడు.

మేము పోయిన ఏడాది నీరటి యాకయ్య. బక్కపలచటి మనిషి, లుంగీ మోకాళ్ల పైకి కట్టి, చేతులు కట్టుకుని సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. మేము గుంట చుట్టూ వంగి ఉన్నాం. ఆ రోజు నత్త గుడ్లు పెట్టింది. రిబ్బను చుట్టినట్టు గుండ్రంగా, లేత గులాబీ రంగులో. సారు గొంతు కూడా మారిపోయింది. మేము లోకం మరిచిపోయాం. యాకయ్య మరిచిపోలేదు. రెప్ప కూడా వేయకుండా చూస్తున్నాడు. అతని ముందు సముద్రం బుద్ధిగా దూరంగానే ఉంది.

నీళ్లు వెనక నుంచి వచ్చాయి.

గోడకూ పలకకూ మధ్య ఉన్న పల్లం రేవు లోపలి నీళ్లతో కలిసి ఉంటుంది. పోటు మొదలైతే ముందు నిండేది అదే. చెరువు అట్లా కాదు. చెరువుకు ఒకటే ముఖం, నీళ్లు ఎదుట పెరుగుతాయి, వీపు వెనక కట్ట ఉంటుంది. తరతరాలుగా కట్ట మీద కూర్చున్న ఇంట్లో పుట్టిన మనిషికి వెనక చూడాలన్న ఆలోచన ఎట్లా వస్తుంది? మడమలకు చల్లగా తగలగానే సారు తలెత్తాడు. అప్పటికి మేము వచ్చిన దారి లేదు. చీలమండ లోతు నీళ్లు నడుము దాటాయి. చప్పుడు లేదు, నురగ లేదు. నల్లగా, మెత్తగా లోపలికి గుంజుతున్నాయి. నా జీవితంలో నేను చూసిన అన్నిటికన్నా భయంకరమైనది ఆ మెత్తదనం.

ఆడపిల్లల చున్నీలన్నీ ముడివేయమన్నాడు సారు. ఒక కొన యాకయ్య పట్టుకుని ముందు దాటి గోడ బండకు చుట్టాడు. ఒక్కొక్కరుగా దాటారు. నా వంతు వచ్చేసరికి కాలు కింద రాయి జారింది. తర్వాత నాకు గుర్తున్నది ఉప్పు, చీకటి, నెత్తిన పచ్చి నొప్పి. సారు నా జడ పట్టుకున్నాడు. రెండు వరసలు చుట్టుకుని పట్టుకున్నాడని తర్వాత చెప్పారు. గోడ మీద పడుకోబెట్టి బోర్లించి నీళ్లు కక్కించారు. వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడ పొడి తువ్వాలు తెచ్చి నా మీద కప్పింది. "ఏటి బాబూ, ఎదర సూత్తే సరిపోద్దేటి, ఎనకాల ఎవులు సూత్తారు?" అని సారును కసిరింది.

యాకయ్య దూరంగా కూర్చుని ఏడుస్తున్నాడు. సారు పోయి పక్కన కూర్చున్నాడు. "నువ్వు చెప్పినట్టే నిలవడ్డవ్ గద. తప్పు నీది గాదు. చెరువు కాపలా తెచ్చి సముద్రానికి వెట్టిన. తప్పు నాది" అన్నాడు. ఇంకొక మాట కూడా అన్నాడు. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో. "నీళ్లు ముఖం మీదికి రావు బిడ్డా. మడమల మీదికి వస్తయి."

ఇంటికి వచ్చాక ఆయనే మా ఊరికి వచ్చాడు. మా బాపు కుర్చీ వేస్తే కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పాడు, పొల్లు పోకుండా, తన తప్పుతో సహా. మా అమ్మ లోపల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మా పోరి మాకు చెప్పలే. నువ్వు చెప్పకుంటే మాకు తెల్వకపోవు. చెప్పినవ్ గనుక మల్ల పంపుత" అన్నాడు మా బాపు. ఆ రోజు మా ఇంట్లో సారు చాయ్ తాగాడు, వీపు గోడకు పెట్టి కూర్చుని. నేను మొదటిసారి గమనించింది అప్పుడే.

విహారాలు ఆగుతాయనుకున్నాం. ఆగలేదు. కానీ ఆ తర్వాత ప్రతి ఏడూ నీరటి ఆయనే. పలక మీదికి దిగడం మానేశాడు. రెండు వైపులూ కనబడేలా గోడ మీద ఎత్తైన బండ ఒకటి చూసుకుని, టేబుల్ ఫ్యానులా తల అటూ ఇటూ తిప్పుతూ నిలబడేవాడు. పిల్లలకు గిన్నె ఇచ్చి పంపేవాడు. పైకి తెచ్చి చూపిస్తామంటే ఒప్పుకునేవాడు కాదు. "కండ్లు గిన్నెల పడితే నీళ్ల మీదికెల్లి పోతయి" అనేవాడు. ఫోన్లు వచ్చాక ఫొటో తీస్తామన్నారు. బండల మీద చెయ్యి ఖాళీగా ఉండాలని ఫోన్లన్నీ గదిలోనే పెట్టించేవాడు. పలక దిగాక పిల్లలు వరసగా గోడ మీదికి వచ్చి వాటా చెప్పేవాళ్లు. నల్లటి ఒళ్లు సార్, నారింజ అంచు సార్, గుడ్లు సార్. ఆయన తల తిప్పుతూనే వినేవాడు. జనగామ పిల్లలకు సముద్రపు నత్తను చూపించిన మనిషి తాను మాత్రం దాన్ని మళ్లీ చూడలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ చూడలేదు.

ఒక్కరిని కూడా పోగొట్టుకోలేదు. అది కూడా రాయాలి.

రిటైర్ అయ్యాక కాలేజీ వాళ్లు ఆ విహారం ఆపేశారు. నేను అప్పుడప్పుడూ జనగామ పోయి చూసి వచ్చేదాన్ని. మనిషి బాగానే ఉండేవాడు కానీ మాటల మధ్యలో ఆగిపోయేవాడు. ఒకసారి సారు ఇంట్లో అమ్మే చెప్పింది. "ఆయనకు ఆ గిన్నె మీదనే పానం. వారానికోసారి చింతపండు వెట్టి తోముతడు. తోమి మల్ల అటుక మీద వెడ్తడు. జర తోలుకపోరాదు" అంది.

నేను యాకయ్యకు ఫోన్ చేశాను. పోయిన చలికాలం ముగ్గురం పోయాం. జనగామలో ఎక్కిన సారు మహబూబాబాద్‌లో బండి ఆగేసరికి నా కోసం తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, గిన్నె సంచిలో పెట్టుకుని, కొత్త బడికి పోయే పిల్లవాడిలా. యాకయ్య పైబెర్తు మీద నుంచి నవ్వాడు. ఆ ప్రయాణమంతా సారు కథలు చెబుతూనే ఉన్నాడు.

రేవు మారలేదు. పడవలు ఎక్కువయ్యాయి, అంతే. గోడ దగ్గరికి పోగానే ఆయన అలవాటుగా ఎత్తు బండ వైపు నడిచాడు. యాకయ్య చెయ్యి పట్టి ఆపాడు.

"సార్, గియ్యాల నీరట్లం మేమిద్దరం. నేను సముద్రం దిక్కు, చెల్లె రేవు దిక్కు. మీరు పొయ్యి చూడుండ్రి."

సారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మడమలు జాగ్రత" అని మాత్రం అన్నాడు. ప్యాంటు మడిచి, గిన్నె పట్టుకుని, ఆ వయసులో ఒక్కో రాయినీ కాలితో అడిగి అడిగి పల్లం దాటాడు.

నేను రేవు వైపు తిరిగాను. పల్లంలో నీళ్లు కదలకుండా ఉన్నాయి. వెనక సారు అలికిడి వినబడుతోంది. రాయి లేపిన చప్పుడు, మళ్లీ బోర్లించిన చప్పుడు. ఇంకొకటి లేపిన చప్పుడు. గిన్నె రాయికి తగిలిన చప్పుడు. మళ్లీ రాయి. మళ్లీ రాయి. ఒకసారి ఆయన నవ్వుతాడనీ, రా బిడ్డా అని మరిచిపోయి పిలుస్తాడనీ ఎదురుచూశాను. తిరిగి చూడాలని మెడ నొప్పి పుట్టింది. నీరటి తిరగకూడదు. కొంతసేపటికి రాళ్ల చప్పుడు కూడా ఆగిపోయింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఆయన దాటి వచ్చి మా మధ్య నిలబడ్డాడు. గిన్నె తడిగా ఉంది, ఖాళీగా ఉంది.

"వాటా చెప్పుండ్రి సార్" అన్నాడు యాకయ్య, సముద్రం మీద నుంచి చూపు తిప్పకుండానే.

"ఏం లేదు బిడ్డా. రాయి ఉంది. రాయి మీద మెత్తగ బురద వట్టింది. స్పాంజి లేదు. అది లేకుంటే ఇదేడుంటది." ఆగాడు. "ఎండ్రికాయ ఒకటి కనవడ్డది. సచ్చింది."

దిగి గదికి వచ్చేశాం. మరునాడు తిరుగు రైల్లో, అనకాపల్లి దాటాక, ఆయనే మొదలుపెట్టాడు.

"ఆ బురద ఒక్క ఏడుది గాదు. శాన ఏండ్లది. మరి నాకు పిల్లలు పెట్టిన వాటా ఏంది? నల్లటి ఒళ్లు, నారింజ అంచు. చివరి చివరికి అందరియి ఒక్కటే మాటలు, పాఠం అప్పజెప్పినట్టు. పుస్తకంల చూసి చెప్పిండ్రు. ఉత్త గిన్నె తెచ్చి నిండుగున్నదన్నరు."

"మీరు బాధపడ్తరని చెప్పి ఉంటరు సార్" అన్నాను.

"అవును. మంచి పిల్లలు. వాళ్ల మీద కోపం లేదు నాకు." కిటికీలోంచి బయటికి చూశాడు. "నాకు అనుమానం అప్పుడే వచ్చింది. దిగి చూడొచ్చు. ఒక్క పూట ఇంకొకల్లను నిలవెట్టి చూడొచ్చు. చూడలే. భయమైంది. నీళ్లు కాస్తున్న అని చెప్పుకున్న. అటు రెండు దిక్కులు కాసిన, నా ఎనుక గిన్నె దిక్కు చూడలే. మల్ల మడమల మీదికే వచ్చింది."

యాకయ్య ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. సారు ఆ చేతిని తట్టాడు. కాసేపయ్యాక మాస్టారు గొంతు మళ్లీ వచ్చింది.

"అయినా ఒక్కసారి చూసి లేదనద్దు. అది తప్పు. ఒక ఋతువుల ఉండయి, ఇంకో ఋతువుల వస్తయి. వచ్చే చలికాలం మల్ల పోదాం. అప్పుడు గూడ లేకుంటే అప్పుడు లేదందాం."

వచ్చే చలికాలం అన్నాడు. నేను కూడా సరే అన్నాను. ఇప్పుడు ఇంకా వానాకాలమే.

అస్థికలు కాళేశ్వరంలో కలిపారు. భూపాలపల్లిలో యాకయ్యను ఎక్కించుకుని, మహదేవపూర్ మీదుగా ఒకటే జీపులో పోయాం. సారు కొడుకు, అమ్మ, యాకయ్య, నేను. పైన ఎక్కడో వాన పడుతోందని దారిలో అన్నారు కానీ కాళేశ్వరంలో చినుకు లేదు. గోదావరి, ప్రాణహిత కలిసే చోట ఇసుక మేట ఒకటి ఇంకా తేలి ఉంది. జనం దాని మీద నడిచే కొసదాకా పోతున్నారు. మధ్యలో చిన్న పల్లం, పొడి ఇసుక. మేము దాన్ని దాటి కొసకు పోయాం. పల్లం దాటుతున్నప్పుడు యాకయ్య ఒక్క క్షణం ఆగి కిందికి చూశాడు. నేను కూడా చూశాను. పొడిగానే ఉందని ముందుకు నడిచాం.

కొడుకు కుండ పట్టుకుని నీళ్లలోకి దిగాడు. అమ్మ వెనక నడిచింది, చేతిలో ఆ తెల్ల గిన్నె ఉంది. ఎందుకు తెచ్చిందో ఎవరం అడగలేదు. అప్పుడు నేను పక్కకు చూస్తే యాకయ్య లేడు. ప్రాణహిత వైపు తిరిగి, చేతులు కట్టుకుని, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. డిగ్రీలో నిలబడ్డట్టే, ఇప్పుడు జుట్టు నెరిసింది. నాకు దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే గోదావరి వైపు తిరిగి నేను కూడా నిలబడ్డాను. నన్ను నీళ్లలోంచి జడ పట్టి లాగిన మనిషి నీళ్లలో కలిసిపోవడం నేను చూడలేదు. ఆయన నేర్పిన పని చేస్తూ నిలబడ్డాను. గోదావరి ఎర్రగా, బరువుగా, తన దారిన తాను పోతోంది.

చాలాసేపయ్యాక వెనక తడి అడుగుల చప్పుడైంది. అమ్మ వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది. చీర మోకాళ్లదాకా తడిసింది. ఆమె ఎన్నడూ విశాఖ రాలేదు. కానీ ఆ ఇంట్లో అన్నేళ్లు ఉన్న మనిషికి ఆ కట్టుబాటు తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"నీరటి వాటా చెప్తున్న, వినుండ్రి" అంది. "బూడిద తెల్లగ తేలింది. కొంచెం సేపు అక్కడనే తిరిగింది, పోబుద్ధి గానట్టు. తర్వాత రెండు నీళ్ల నడిమిట్ల వడి పోయింది. పోయినంక నేను గిన్నెల నీళ్లు తీస్కొని చూసిన. ఆయన చూసినట్టే వంగి చూసిన. ఏం లేదు. గిన్నె అడుగు కనవడ్డది." గిన్నెలో మిగిలిన చుక్కలు విదిలించింది. "ఒక్కసారి చూసి లేదనద్దంటుండె గద. మల్ల ముంచి చూసిన. అప్పుడు గూడ లేదు."

ఆమె గిన్నెను నా చేతికి ఇచ్చింది. అది చల్లగా ఉంది. యాకయ్య ముఖం తుడుచుకుని, పోదాం పదమన్నాడు. వెళ్లడానికి వెనక్కి తిరిగాం.

ఇందాక మేము దాటి వచ్చిన పొడి ఇసుక పల్లంలో చప్పుడు లేకుండా నీళ్లు పరుచుకుంటున్నాయి. ఇంకా లోతు లేదు. వచ్చేటప్పటి మా అడుగులు అక్కడే ఉన్నాయి, ఒక్కొక్కటీ మడమ వైపు నుంచి నిండుతున్నాయి.